టెస్ట్ పైలట్ కావాలంటే ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: నేను ఏరోనాటికల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. టెస్ట్ పైలట్ (విమానాలను ఎగరేసి పరీక్షించే పైలట్) కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. డిగ్రీ అవగానే నేరుగా టెస్ట్ పైలట్ స్కూల్లో చేరొచ్చా? ఎన్ని గంటలు విమానం నడిపి ఉండాలి? ధ్వని వేగాన్ని దాటిన టెస్ట్ పైలట్ చక్ యీగర్‌కు కాలేజీ డిగ్రీయే లేదంటారు, మరి ఇప్పుడు ఈ లెక్కల గోల ఎందుకు? నాకు కళ్లజోడు ఉంది, అది అడ్డమవుతుందా? టెస్ట్ పైలట్ మాట ఎత్తగానే మా అమ్మ ‘ప్రాణాల మీదికి తెచ్చుకునే ఉద్యోగం’ అంటోంది. ఆమెకు ఏం చెప్పాలి? ఇప్పటి నుంచే నేను ఏం చేయాలి? (పేరు రాయొద్దని కోరిన విద్యార్థిని)

సమాధానం: డిగ్రీ అవగానే నేరుగా చేరడం కుదరదండీ. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. పేరున్న ఏ టెస్ట్ పైలట్ స్కూలూ విమానం నడపడం నేర్పదు. అక్కడికి వచ్చే పైలట్లు అప్పటికే ఏళ్ల తరబడి నడిపినవాళ్లు. చాలామంది ముప్పై ఏళ్లకు అటూ ఇటూగా ఉంటారు, కొందరు అప్పటికే ఇన్‌స్ట్రక్టర్లుగా పనిచేసి వస్తారు. అంటే ముందు ఇంజనీరింగ్ చదువు, తర్వాత పైలట్ శిక్షణ, ఆ పైన కొన్నేళ్ల ఉద్యోగం, అప్పుడు ఈ స్కూలు.

గంటల లెక్క దేశాన్ని బట్టి, తీసుకునే సంస్థను బట్టి మారుతుంది. కాగితం మీద స్పష్టంగా కనిపించేది యూరప్ నిబంధన. అక్కడ ఫ్లైట్ టెస్ట్ రేటింగ్ (టెస్ట్ పైలట్‌గా పనిచేసే అర్హత) కావాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) ఉండాలి. ఆ తరగతి విమానాల మీద కనీసం 1,000 గంటలు ఎగిరి ఉండాలి, అందులో కనీసం 400 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా. ఇవన్నీ ఉన్నాక గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పూర్తిచేయాలి. అమెరికా పౌర విమానయానంలో ఇలాంటి విడి రేటింగ్ లేదు. ఎవరు పనికొస్తారో విమానం తయారుచేసే కంపెనీయే తేల్చుకుంటుంది. అయితే కంపెనీలు ఎక్కువగా వెతుక్కునేది స్కూలు చేసివచ్చినవాళ్లనే.

గంటలు అంకెగా చూస్తే మోసపోతాం. ఒకే రకం విమానంలో, ఒకే మార్గంలో, ఆటోపైలట్ మీద గడిచిన వెయ్యి గంటలకూ, గ్లైడర్, ఏరోబాటిక్ విమానం, రెండు ఇంజన్ల విమానం, వీలైతే హెలికాప్టర్ కూడా పట్టి చూసిన వెయ్యి గంటలకూ చాలా తేడా ఉంది. బ్రిటిష్ నౌకాదళ టెస్ట్ పైలట్ ఎరిక్ బ్రౌన్ 487 రకాల విమానాలు నడిపాడు. ఆ రికార్డును ఎవరూ దాటలేదు. మీరు ఆ అంకె వెంట పడక్కర్లేదు. రకరకాల విమానాలు నడిపినవాళ్లకు ‘ఇది ఇలాగే ఉండాలి కాబోలు’ అనే భ్రమ త్వరగా వదులుతుంది, అంతవరకు గుర్తుపెట్టుకోండి.

ఇక స్కూళ్లు. అన్నిటికంటే పాతది ఇంగ్లండులోని ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూల్, 1943లో బాస్కోంబ్ డౌన్‌లో మొదలైంది. అమెరికా వైమానిక దళానిది కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో ఉంది, నౌకాదళానిది మేరీలాండ్‌లోని పటక్సెంట్ రివర్‌లో. వ్యోమగామి సునీతా విలియమ్స్ చదివింది ఈ రెండోదాంట్లోనే, అదీ హెలికాప్టర్ పైలట్‌గా వెళ్లి. ఫ్రాన్స్ స్కూలు ఇస్త్ర్‌లో ఉంది. భారత వైమానిక దళం స్కూలు బెంగళూరులో ఉంది. ఇవన్నీ ప్రధానంగా సైనిక పైలట్ల కోసం పెట్టినవి. అభ్యర్థిని దళమే ఎంపిక చేసి పంపుతుంది, ఖర్చు కూడా దళానిదే. పౌర సంస్థలుగా ఉన్నవాటిలో అమెరికాలోని మొహావేలో ఉన్న నేషనల్ టెస్ట్ పైలట్ స్కూల్, కెనడాలోని లండన్ పట్టణంలో ఉన్న ఇంటర్నేషనల్ టెస్ట్ పైలట్స్ స్కూల్ ముఖ్యమైనవి. వాటిలో డబ్బు కట్టి చేరొచ్చు గానీ, ఏడాది కోర్సు ఫీజు ఒక కుటుంబం మోయగలిగేది కాదు. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమందిని ప్రభుత్వాలో కంపెనీలో పంపుతాయి. అప్పుచేసి వెళ్లే ఆలోచన ఎవరైనా మీ చెవిన వేస్తే దూరంగా ఉండండి. చదివించడానికి ఎవరూ ముందుకు రాలేదంటే, చదువయ్యాక ఉద్యోగం ఇవ్వడానికి కూడా ఎవరూ కాచుక్కూర్చోలేదని అర్థం.

నిజానికి అర్హతల పట్టిక కంటే ఆ ఏడాది పాటు అక్కడ ఏం నేర్పుతారో తెలిస్తే మీకు ఎక్కువ ఉపయోగం. లెక్కల గోల ఎందుకో కూడా అక్కడే తెలుస్తుంది.

పొద్దున తరగతి గదిలో సమీకరణాలు, మధ్యాహ్నం విమానంలో అవే సమీకరణాలు, రాత్రి రిపోర్టు. చాలా స్కూళ్లలో సుమారు ఏడాదంతా ఇదే వరస. ఉదాహరణకు ఫ్యూగాయిడ్ అనే నెమ్మది ఊగుడు మీ పుస్తకంలో ఉంటుంది. సమతూకంగా పోతున్న విమానం వేగాన్ని కొంచెం తగ్గించి, స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) వదిలేస్తారు. ముక్కు నెమ్మదిగా దిగుతుంది, వేగం పెరుగుతుంది, ముక్కు మళ్లీ లేస్తుంది, వేగం పడిపోతుంది. విద్యార్థి స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో ఊపుకు ఎన్ని సెకన్లు పట్టిందో, ఎత్తు ఎంత మారిందో, ఊగుడు తగ్గుతోందో పెరుగుతోందో మోకాలి మీది కార్డులో రాసుకుంటాడు. చెయ్యి మాత్రం స్టిక్ మీదికి పోకూడదు. వెయ్యి గంటలు నడిపినవాడికి ముక్కు దిగుతుంటే ఊరుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. తర్వాత సిద్ధాంతం చెప్పిన అంకెనూ తాను కొలిచిన అంకెనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో రాయాలి. ‘తేడా వచ్చింది’ అని వదిలేస్తే ఆ రిపోర్టు వెనక్కి వస్తుంది.

ఇలాంటివి చిన్న శిక్షణ విమానం మీద, ఫైటర్ మీద, రవాణా విమానం మీద, గ్లైడర్ మీద చేయిస్తారు. కంప్యూటర్ సాయంతో తన స్వభావాన్నే మార్చుకోగల విమానాలు కూడా ఉన్నాయి. ఎడ్వర్డ్స్‌లోని విస్టా అనే మార్పుచేసిన ఎఫ్-16 అలాంటిదే. స్విచ్ తిప్పితే అదే విమానం బద్ధకంగానో, మరీ చురుగ్గానో మారిపోతుంది. తేజస్ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను కూడా అది ఆకాశంలోకి లేవడానికి చాలా ముందే ఈ విస్టాలో వేసి ఎగిరి చూశారు. వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ 2001 జనవరి 4న తొలి తేజస్‌ను పైకి లేపేనాటికి ఆ విమానం ఎలా ప్రవర్తిస్తుందో చాలావరకు తెలుసు. మిగిలింది ఎంతో తేల్చుకోవడానికే ఆ ఎగరడం.

ఇప్పుడు అసలు కిటుకు. మంచి పైలట్‌కు ఒక చెడ్డ అలవాటు ఉంటుంది: విమానంలో ఉన్న లోపాన్ని తనకు తెలియకుండానే చేత్తో సరిదిద్దేస్తాడు. ఒక పక్కకు లాగే సైకిల్‌ను రోజూ తొక్కేవాడికి అది లాగుతోందనే ధ్యాసే ఉండదు కదా, అలాగే. దిగి వచ్చాక ‘బాగానే ఉంది’ అంటాడు, అబద్ధమాడాలని కాదు. రేపు అదే విమానాన్ని రాత్రిపూట, వర్షంలో, అలసిపోయిన మామూలు పైలట్ నడుపుతాడు. అప్పుడు ఆ లోపం బయటపడుతుంది. టెస్ట్ పైలట్ చేయాల్సింది తన చెయ్యి విమానానికి ఎంత సాయం చేస్తోందో తానే పట్టుకోవడం. నన్నడిగితే స్కూలు మొత్తం దీని కోసమే ఉంది. గంటలు అడిగేదీ ఇందుకే: నడపడం మీద ధ్యాస పెట్టాల్సిన అవసరం తీరిపోతేనే, నడుపుతున్న తన చేతిని గమనించే తీరిక దొరుకుతుంది.

దీన్ని కొలవడానికి 1969లో జార్జ్ కూపర్, రాబర్ట్ హార్పర్ ఇద్దరూ కలిసి ఒక స్కేలు తయారుచేశారు. ఇప్పటికీ అదే వాడతారు. 1 అంటే అద్భుతం, 10 అంటే అదుపు తప్పినట్టే. అంకె నోటికొచ్చింది చెప్పడానికి వీల్లేదు, కొన్ని ప్రశ్నల మీదుగా దిగి రావాలి. విమానం అదుపులో ఉందా? లేకపోతే 10. ఉంటే, భరించగల శ్రమతో కనీస స్థాయిలోనైనా పని పూర్తయిందా? కాకపోతే 7 నుంచి 9. అయితే, మార్పులేవీ అక్కర్లేకుండా తృప్తికరంగా ఉందా? లేకపోతే 4 నుంచి 6, ఉంటే 1 నుంచి 3. పనిని కూడా ముందే అంకెల్లో కట్టేస్తారు, ఎత్తును ఇన్ని అడుగుల లోపు నిలపాలి, వేగాన్ని ఇన్ని నాట్స్ (విమాన వేగాన్ని చెప్పే కొలత) లోపు ఉంచాలి అని. ఆ హద్దుల్లో ఉన్నా, ఉండటానికి పైలట్ చెమటోడ్చాల్సి వస్తే అంకె పెరగాల్సిందే. ‘నేను చేయగలిగాను’ అన్న గర్వం అక్కడ పనికిరాదు.

అందుకే రాత కూడా పరీక్షే. ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. ‘ల్యాండింగ్‌కు వస్తుంటే ముక్కు కొంచెం చురుగ్గా అనిపించింది, జాగ్రత్తగా ఉండాలి’ అని రాస్తే డిజైనర్ దానితో ఏమీ చేయలేడు. ఏం మార్చాలి? ఎంత మార్చాలి? అదే విషయాన్ని ఇలా రాయొచ్చు: ‘రెక్కల వెనక ఫ్లాప్స్ పూర్తిగా దించి, చక్రాలు కిందికి, వేగం 130 నాట్స్. స్టిక్‌ను అర అంగుళం వెనక్కి తీస్తే ముక్కు అనుకున్న చోటు దాటి పైకి పోయింది. సరిచేయబోతే రెండుసార్లు ఊగి, మూడోసారికి నిలబడింది. వేగాన్ని 5 నాట్స్ హద్దులో ఉంచగలిగాను గానీ, రన్‌వే తప్ప ఇంకే మీటరూ చూడటానికి తీరిక దొరకలేదు.’ ఆ చివరి వాక్యం ఏ సెన్సారూ రికార్డు చేయదు, కాక్‌పిట్‌లో మనిషి కూర్చోవడం అందుకే. మీ కాలేజీ ల్యాబ్ రికార్డును స్నేహితురాలి పుస్తకంలోంచి దించుకునే అలవాటుంటే ఈ సెమిస్టర్‌తోనే మానేయండి. నవ్వులాటకు చెప్పడం లేదు.

యీగర్ సంగతికి వస్తాను. మీరు విన్నది నిజమే, ఆయనకు కాలేజీ డిగ్రీ లేదు. 1947 అక్టోబర్ 14న ఎక్స్-1 అనే రాకెట్ విమానంలో ధ్వని వేగాన్ని దాటాడు. కానీ ఆ కథలో జాక్ రిడ్లీ అనే ఇంజనీరును చాలామంది మరిచిపోతారు. ఆయన కాల్‌టెక్ అనే అమెరికా విశ్వవిద్యాలయంలో చదివిన టెస్ట్ పైలట్. ధ్వని వేగానికి దగ్గరపడేసరికి షాక్ వేవ్ వల్ల ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే, తోక మీది కదిలే పలక) పనిచేయడం మానేసింది, యీగర్ స్టిక్ లాగినా ముక్కు కదల్లేదు. తోక మీది అడ్డరెక్క మొత్తాన్నీ కదిపి నడపొచ్చని లెక్క చూసి చెప్పింది రిడ్లీ. ఆ చిట్కా లేకపోతే ఆ రోజు రికార్డు లేదు. రెండు రోజుల ముందు గుర్రం మీద నుంచి పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్న యీగర్‌కు, తలుపు మూసుకోవడానికి చీపురు కర్ర ముక్క కోసి ఇచ్చిందీ ఆయనే. యీగర్ గొప్పతనం తక్కువేం కాదు, తనకు తెలిసిందేదో రిడ్లీకి అర్థమయ్యేట్టు చెప్పగలిగాడు. ఇవాళ ఆ ఇద్దరి పనీ ఒకరే చేయాలని స్కూళ్లు అడుగుతున్నాయి. పైగా డిగ్రీ లేకపోవడం వల్లే యీగర్‌కు వ్యోమగామి ఎంపికలో దారి మూసుకుపోయింది. మీరు ఇంజనీరింగ్‌లో ఉండటం మంచిదే. ఫ్లైట్ మెకానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్, స్టాటిస్టిక్స్, ఈ మూడింటిలో మాత్రం బొటాబొటి మార్కులతో గట్టెక్కే పని పెట్టుకోకండి.

అమ్మగారికి ‘అందులో ప్రమాదమేమీ లేదు’ అని చెప్పకండి, అది నిజం కాదు. ఏం జాగ్రత్తలు ఉంటాయో చెప్పండి. కొత్త విమానాన్ని మొదటి రోజే హద్దు దాకా తీసుకెళ్లరు. తెలిసిన చోట మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోతారు. ఏ వేగం, ఏ ఎత్తు, ఏ కదలిక అన్నది టెస్ట్ కార్డు మీద ముందే రాసి ఉంటుంది, కార్డులో లేనిది గాల్లో చేయరు. కింద కంట్రోల్ రూమ్‌లో ఇంజనీర్లు టెలిమెట్రీలో (విమానం నుంచి రేడియోలో వచ్చే కొలతల్లో) ప్రతి అంకెనూ చూస్తూ ఉంటారు. ఎవరికి అనుమానం వచ్చినా పరీక్ష ఆపేయమనొచ్చు.

ఇన్ని ఉన్నా తప్పు జరుగుతుంది. 2011 ఏప్రిల్ 2న అమెరికాలోని రోజ్‌వెల్‌లో గల్ఫ్‌స్ట్రీమ్ జీ650 అనే కొత్త బిజినెస్ జెట్‌ను పరీక్షిస్తున్నారు. టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆగినట్టు పెట్టి పైకి లేపడం ఆ రోజు పని. రెక్క చివర ఒక పక్కకు వాలి నేలకు రాసుకుంది, విమానం మంటల్లో చిక్కుకుంది. ఇద్దరు పైలట్లూ, ఇద్దరు ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్లూ, నలుగురూ పోయారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, నేలకు దగ్గరగా ఉన్నప్పుడు రెక్క ఏ కోణం దగ్గర స్టాల్ అవుతుందన్న (విమానాన్ని పైకి ఎత్తే శక్తిని కోల్పోతుందన్న) అంచనాయే తప్పు. అంతకుముందు రెండుసార్లు అదే విమానం అలాగే పక్కకు వాలింది కూడా. టేకాఫ్ వేగాలు కాగితం మీద అనుకున్న అంకెను దాటిపోతున్నాయి. ఆ అంకె సరైనదేనా అని వెనక్కి వెళ్లి చూడాల్సింది పోయి, పైలట్ ముక్కు లేపే తీరును మార్చి మార్చి దాన్ని అందుకోవాలని చూశారు. గడువు ఒత్తిడి కూడా ఉంది. ఇందాక చెప్పిన చెడ్డ అలవాటే ఇది. ఈసారి ఒక్క పైలట్ చెయ్యి కాదు, జట్టు మొత్తం విమానానికి సాయం చేయబోయింది. ఆ నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మీరు తప్పక చదవండి. అమ్మగారికి చదివి వినిపించాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఆమెతో చెప్పగలిగిన ఇంకో నిజం కూడా ఉంది. టెస్ట్ పైలట్ పనిలో ఎక్కువ భాగం నేల మీదే గడుస్తుంది: ప్రణాళికలు, భద్రతా సమీక్షలు, సిమ్యులేటర్, రిపోర్టులు. అన్ని టెస్ట్ పైలట్ ఉద్యోగాలూ కొత్త డిజైన్లను హద్దుకు తీసుకెళ్లేవి కావు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే ప్రతి విమానాన్నీ కొనుగోలుదారుకు ఇచ్చే ముందు పైకి తీసుకెళ్లి, పద్ధతి ప్రకారం ఒక్కో వ్యవస్థనూ చూసి దింపే ప్రొడక్షన్ టెస్ట్ పైలట్లు కూడా ఉంటారు. అక్కడికి చేరే దారి కాస్త దగ్గర, ప్రమాదమూ తక్కువ.

మీరు అడగని ఒక ప్రశ్నకు కూడా జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే కావచ్చు. టెస్ట్ పైలట్ స్కూళ్లలో పైలట్ల పక్కనే ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్లు కూడా చదువుతారు. దాదాపు అవే తరగతులు, అవే రిపోర్టులు. పరీక్షను రూపొందించేదీ, కంట్రోల్ రూమ్‌లో నడిపించేదీ, చాలాసార్లు వెనక సీట్లో కూర్చుని ఎగిరేదీ వాళ్లే. పైలట్ లైసెన్సు అక్కర్లేదు, మీ ఇంజనీరింగ్ డిగ్రీ నేరుగా అక్కరకొస్తుంది. భారత వైమానిక దళంలో తొలి మహిళా ఫ్లైట్ టెస్ట్ ఇంజనీరు స్క్వాడ్రన్ లీడర్ ఆశ్రిత వి. ఓలేటి. 2021లో బెంగళూరు స్కూల్లోనే కోర్సు పూర్తిచేశారు. మీకు కావాల్సింది విమానం నడపడమా, విమానం ఎందుకలా ప్రవర్తిస్తోందో కనిపెట్టడమా, నిజాయితీగా ఆలోచించుకోండి. రెండోదే ఎక్కువ ఇష్టమని తేలితే మీరు అనుకున్నదాని కంటే చాలా ముందే ఆ గదిలో ఉండొచ్చు. మొదటిదే కావాలంటే అదీ సంతోషమే, దారి పొడవు మాత్రం తెలిసి దిగండి.

కళ్లజోడు గురించి టెన్షన్ పడకండి, అలాగని వదిలేయకండి కూడా. పౌర విమానయానంలో క్లాస్ 1 మెడికల్‌కు (వృత్తి పైలట్లకు కావాల్సిన వైద్య ధ్రువీకరణకు) కళ్లజోడుతో సరిపడా చూపు వస్తే చాలావరకు అడ్డు ఉండదు, నంబరుకు హద్దులుంటాయి. సైనిక దళాల నిబంధనలు ఇంకా గట్టివి, ఒక్కో దళానిది ఒక్కో లెక్క. రంగులు గుర్తుపట్టే పరీక్ష కూడా ఉంటుంది. ఫ్లయింగ్ స్కూలుకు ఒక్క రూపాయి కట్టే ముందే విమానయాన వైద్య పరీక్షలు చేసే అధీకృత డాక్టర్ దగ్గరికి వెళ్లి తేల్చుకోండి. లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే, మీరు చేరాలనుకునే సంస్థ నియమాలు చూడకుండా ఆ పని చేయకండి. కొన్నిచోట్ల ఏ రకం ఆపరేషన్, చేయించుకుని ఎంతకాలమైంది అన్నదాని మీద కూడా షరతులుంటాయి.

ఇక ఇప్పటి నుంచే చేయగలిగింది. వచ్చే ఏడాది ప్రాజెక్టులకు అందరూ సాఫ్ట్‌వేర్‌లో రెక్క గీసి, రంగురంగుల బొమ్మలు తీసి సబ్మిట్ చేస్తారు. మీరు ఒక చిన్న రేడియో కంట్రోల్ గ్లైడర్ తీసుకోండి. అది ఎలా ఊగాలో ముందు లెక్కకట్టి, తేదీ వేసి, మీ గైడ్ చేత సంతకం పెట్టించుకోండి. తర్వాత ఒక చవక సెన్సార్ బిగించి ఎగరేసి కొలవండి. బరువును కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ మళ్లీ కొలవండి, ఎంతవరకు జరపాలో ముందే కార్డు రాసుకుని. అంకెలు కలవవు. ఎందుకు కలవలేదో నాలుగు పేజీల్లో రాయండి. ఆ నాలుగు పేజీలు రాస్తుంటే మీకు విసుగొచ్చిందా, రాత్రి నిద్ర మానేసి కూర్చున్నారా అన్నది గమనించి, నాకు ఇంకో ఉత్తరం రాయండి. పైలటా, ఇంజనీరా అన్న మాట అప్పుడు మాట్లాడుకుందాం.